పోలరైజర్ ఫిల్మ్ చేస్తున్నారా? సూర్యుడికేసి మాత్రం పట్టకండి

ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే పల్చటి పొర పోలరైజర్. ఈమధ్య ఒక విద్యార్థి తను చేసిన రెండు పోలరైజర్ ముక్కల్ని ఒకదానికొకటి అడ్డంగా పెట్టి, ఎంత నల్లగా వచ్చాయో చూద్దామని సూర్యుడికేసి పట్టాడు. ఆ క్షణంలో ఏమీ అనిపించలేదు. సాయంత్రం పుస్తకం తెరిస్తే, ఏ పదం మీద చూపు నిలిపినా అక్కడే మసక మచ్చ. ఆ మచ్చ ఇంకా పోలేదు.

గ్లౌజులు, యాప్రాన్ సంగతి మీకు తెలిసిందే. అసలు ప్రమాదం ఫిల్మ్ బాగా కుదిరాక, ఆ సంబరంలో వస్తుంది.

పాలీవినైల్ ఆల్కహాల్ అనే ప్లాస్టిక్ ఫిల్మును డైలో (రంగు ద్రావణంలో) నానబెట్టి నాలుగైదు రెట్లు సాగదీస్తే, అందులోని పొడవాటి అణువుల గొలుసులు సాగిన వైపుకే వరస కడతాయి. వాటిని అంటుకున్న డై అణువులు కూడా అటే ఒరుగుతాయి. తమ పొడవు వెంబడి కంపించే కాంతిని మింగేసి, అడ్డంగా కంపించేదాన్ని పోనిస్తాయి. రెండో ముక్కను 90 డిగ్రీలు తిప్పి పెడితే ఆ మిగిలిందీ ఆగిపోతుంది. కంటికి కటిక నలుపు.

కానీ ఆ నలుపు కంటికి కనిపించే కాంతి వరకే. ఎరుపు దాటాక వచ్చే పరారుణ కాంతిని ఈ డైలు దాదాపుగా పట్టించుకోవు. పోలరాయిడ్ కంపెనీ పెట్టిన ఎడ్విన్ లాండ్ 1938లో తెచ్చిన, డైకి బదులు అయోడిన్ వాడే ఫిల్ముదీ ఇదే తీరు. నమ్మకం కుదరకపోతే టీవీ రిమోట్ బల్బు ముందు రెండు ముక్కల్నీ అడ్డంగా పెట్టి, బటన్ నొక్కుతూ ఫోన్ ముందు కెమెరాలో చూడండి. చాలా ఫోన్లలో ఆ నలుపు గుండానే బల్బు మిణుకుమిణుకుమంటూ కనిపిస్తుంది. సూర్యుడి పరారుణ కాంతి కూడా అలాగే మీ కంట్లోకి దూరుతుంది. ముందు చీకటిగా ఉంది కాబట్టి కనుపాప విచ్చుకుంటుంది. మిరుమిట్లు లేవు కాబట్టి రెప్ప పడదు. కంటి లోపలి తెరకు (రెటీనాకు) నొప్పి తెలియదు కాబట్టి మీరు చూస్తూనే ఉంటారు. నల్లగా ఉందంటే భద్రంగా ఉందని కాదు. ఒక్క సెకనుకైనా సూర్యుడికేసి పట్టొద్దు.

పరీక్షించడానికి ఎల్‌సీడీ తెర చాలు. దాని వెలుగు ముందే ఒక దిశలో కంపిస్తూ వస్తుంది. ఫిల్మును తెర ముందు పెట్టి తిప్పండి, ఒకచోట చీకటి పడాలి. పడితే పని అయినట్టే.

ఇక డై విషయం. అణువులు విడివిడిగా కరిగితేనే ఫిల్మ్ పనిచేస్తుంది. కరగని రేణువు కాంతిని చెదరగొడుతుంది. సాగదీసేటప్పుడు చిరుగు కూడా ఆ రేణువు దగ్గరే మొదలవుతుంది. అందుకే ద్రావణాన్ని వడకట్టాకే వాడండి. కాంగో రెడ్ లాంటి డైలు ఒంట్లోకి వెళితే బెంజిడిన్‌గా విడిపోతాయి. బెంజిడిన్ క్యాన్సర్ కారకం. పొడిని ఫ్యాన్ కింద తూచొద్దు, ఊదొద్దు, వీలైతే కరిగించిన ద్రావణమే తెప్పించుకోండి. ఫిల్మును గట్టిపరచడానికి వాడే బోరిక్ యాసిడ్ తొట్టి దగ్గర గర్భిణులు పనిచేయకూడదు.

సాగదీసే చోట తప్పులు ఎక్కువ. తడి ఫిల్మ్ ఆరేదాకా బిగింపు వదలకండి. వదిలితే ముడుచుకుపోతుంది, అణువుల వరస చెడుతుంది, చేసిన పనంతా పోతుంది. చేత్తో లాగొద్దు. ఫిల్మును బిగించి పట్టే క్లాంపు అంచులు పదునుగా ఉండకూడదు. వేడి తొట్టి మీదకు మొహం వంచొద్దు, ఫిల్మ్ తెగితే నీళ్లు ఎగిరి మొహాన పడతాయి. రక్షణ కళ్లద్దాలు లేకుండా క్లాంపు తిప్పొద్దు. పాలీవినైల్ ఆల్కహాల్ పొడిని వేడినీళ్లలో పోయొద్దు, ముద్దకడుతుంది. చన్నీళ్లలో కలుపుతూ పోసి తర్వాత వేడిచేయండి. అయోడిన్ వాడితే తలుపులు మూసిన గదిలో వద్దు. ఆరిన ఫిల్మును తడిచేత్తో ముట్టుకోవద్దు. నీళ్లు తగిలితే మళ్లీ ముడుచుకుంటుంది. మిగిలిన డైని సింకులో పారబోయొద్దు. ముక్కల్ని పిల్లల చేతికి ఇవ్వొద్దు, వాళ్లు చేసే మొదటి పని సూర్యుడికేసి పట్టడమే. టెలిస్కోప్, బైనాక్యులర్ల ముందు పెట్టొద్దు. గ్రహణం రోజు అసలు బయటికి తీయొద్దు. గ్రహణం చూడాలంటే ఐఎస్ఓ 12312-2 ప్రమాణానికి తగిన అద్దాలే వాడాలి. ఈ ఫిల్మ్ నాలుగు ముక్కలు పేర్చి సూర్యుణ్ణి చూడటమూ వద్దు. మబ్బు పట్టినా వద్దు. సూర్యుడు దిగిపోతున్నా వద్దు.

ఇప్పటికే ఎవరైనా అలా చూసి ఉంటే, చూపు మధ్యలో మచ్చ గానీ, గీతలు వంకరగా కనిపించడం గానీ ఉంటే, తెల్లారేదాకా ఆగకుండా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఏ ఫిల్ములోంచి, ఎంతసేపు చూశారో దాచకుండా చెప్పండి.