దిగుమతి యానిమే డీవీడీ సెట్: తప్పు డిస్కుదా, మాస్టరుదా, మీ ప్లేయరుదా?

యానిమే (జపాన్ కార్టూన్) సెట్ తెప్పించుకున్నాం, పార్సిల్ విప్పి మొదటి డిస్కు పెట్టాం, బొమ్మ బాగోలేదు. వెంటనే నోటికొచ్చే మాట "నకిలీ అంటగట్టాడు" అని. ఒక్కోసారి అది నిజమే. కానీ అసలు సెట్‌ను నకిలీ అనుకుని వెనక్కి పంపేసినవాళ్లున్నారు. నకిలీ సెట్‌ను "యానిమే డిస్కులంటే ఇంతేలే" అనుకుంటూ ఏళ్ల తరబడి చూసినవాళ్లూ ఉన్నారు. ఈ రెండో బాపతులో నేనూ ఒకణ్ణి. ఆ కథ కింద చెప్తాను.

బొమ్మలో తేడా మూడు చోట్ల పుడుతుంది: డిస్కు తయారీలో, దానికి వాడిన మాస్టర్‌లో (డిస్కులన్నిటికీ ఆధారమైన మూల కాపీలో), మన ప్లేయరు-టీవీ జతలో. మొదటిదైతే డబ్బు వెనక్కి అడగాలి. రెండోదైతే ఎన్ని కాపీలు మార్చినా అదే బొమ్మ. మూడోదైతే రిమోట్‌తోనే పోతుంది. అందుకని తేలిగ్గా తేలిపోయేవి ముందు, గొడవపడాల్సినవి తర్వాత రాస్తున్నాను.

డిస్కు అసలు ఆడట్లేదు, రీజియన్ ఎర్రర్ అంటోంది

డీవీడీకి ప్రాంతాల వారీగా తాళం ఉంటుంది. అమెరికా, కెనడాలకు 1. జపాన్‌కూ పశ్చిమ యూరప్‌కూ 2. ఆగ్నేయాసియా, దక్షిణ కొరియా, తైవాన్, హాంకాంగ్‌లకు 3. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, లాటిన్ అమెరికాలకు 4. పెట్టె వెనక చిన్న భూగోళం గుర్తులో ఆ అంకె ఉంటుంది, ప్లేయరు వెనక కూడా ఉంటుంది. రెండూ కలవకపోతే డిస్కులో లోపమేమీ లేదు. రీజియన్-ఫ్రీ ప్లేయరు ఉంటే సరిపోతుంది.

కంప్యూటర్ డ్రైవ్‌తో మాత్రం జాగ్రత్త. రీజియన్‌ను 5 సార్లే మార్చనిస్తుంది, ఐదోసారి పెట్టినదానికే అతుక్కుపోతుంది. "ఒకసారి మార్చి చూద్దాం" అని సరదాగా నొక్కకండి.

ఇక రీజియన్ "ఆల్" అని రాసి ఉన్న సెట్ సంగతి. ఎక్కడైనా ఆడుతుంది కదా అని సంబరపడతాం. కానీ యానిమే హక్కులు దేశాల వారీగా అమ్ముడవుతాయి, కాబట్టి హక్కులున్న కంపెనీ సాధారణంగా తాళం వేస్తుంది. తాళం లేని అసలు సెట్లూ కొన్ని ఉన్నాయి. అందుకని ఇది అనుమానమే తప్ప రుజువు కాదు.

బొమ్మ నలుపు తెలుపుగా వస్తోంది, లేదా పైకి కిందికి దొర్లుతోంది

ఇది ఎన్‌టీఎస్‌సీ, పాల్ అనే రెండు వీడియో పద్ధతుల గొడవ. జపాన్, అమెరికా డిస్కులు ఎన్‌టీఎస్‌సీ: 480 గీతలు, సెకనుకు 29.97 ఫ్రేములు. యూరప్, ఆస్ట్రేలియా డిస్కులు పాల్: 576 గీతలు, 25 ఫ్రేములు. జపాన్‌దీ బ్రిటన్‌దీ రీజియన్ అంకె ఒకటే అయినా వీడియో పద్ధతి వేరు, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ప్లేయరు సెటప్‌లో టీవీ టైప్‌ను ఆటో లేదా మల్టీ అని పెట్టండి. హెచ్‌డీఎంఐ కేబుల్ వాడుతుంటే ఈ సమస్య దాదాపు రాదు.

కదిలే చోట దువ్వెన పళ్లలా గీతలు

దీన్ని చూసి నకిలీ అని తీర్పు చెప్పేవాళ్లే ఎక్కువ, చాలాసార్లు అది తొందరపాటు. యానిమే సెకనుకు 24 ఫ్రేముల లెక్కన తయారవుతుంది. దాన్ని ఎన్‌టీఎస్‌సీలోకి తేవడానికి ప్రతి 4 ఫ్రేములనూ 5గా సాగదీస్తారు. ఆ 5లో మూడు శుభ్రంగా ఉంటాయి, రెండింట్లో పక్కపక్క ఫ్రేముల గీతలు కలిసిపోయి దువ్వెనలా కనిపిస్తాయి.

చూడటం తేలికే. పాత్రలు నిలబడి మాట్లాడుకునే సీను వద్దు, అక్కడ ఒకే బొమ్మ రెండు మూడు ఫ్రేములపాటు అలాగే ఉంటుంది కాబట్టి ఏమీ తెలియదు. కెమెరా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరుగుతూ ఊరినో ఆకాశాన్నో చూపించే సీను వెతకండి. పాజ్ చేసి ఒక్కో ఫ్రేమూ జరపండి. మూడు శుభ్రం, రెండు దువ్వెన, మళ్లీ మూడు శుభ్రం అని వరుస తప్పకుండా వస్తోందంటే డిస్కు ఆరోగ్యంగా ఉన్నట్టే. ప్లేయరులో ప్రోగ్రెసివ్ స్కాన్ ఆన్ చేయండి, కంప్యూటర్‌లోనైతే డీఇంటర్‌లేస్ ఆన్ చేయండి. గీతలు పోతాయి.

ఏం చేసినా పోకుండా, మందంగా, వంకరటింకరగా మిగిలితే ఎవరో దువ్వెనతో సహా బొమ్మను మళ్లీ కుదించి ఎక్కించారన్నమాట. అది డిస్కు చేసినవాడి తప్పు.

మూడో రకం కూడా ఉంది. దువ్వెన కాదు, దెయ్యం. ఒకే ఫ్రేములో చెయ్యి రెండు చోట్ల, రెండూ సగం పారదర్శకంగా కనిపిస్తాయి. ఎన్‌టీఎస్‌సీ టేపును పాల్‌లోకి మార్చేటప్పుడు ఫ్రేములను ఒకదానిమీద ఒకటి కలిపేస్తే ఇలా అవుతుంది. హక్కులున్న యూరప్ సెట్లలో కూడా ఇది కనిపిస్తుంది. ఏ సెట్టింగుతోనూ పోదు, అదే సిరీస్ అమెరికా సెట్ కొనుక్కోవడమే దారి.

ఓపెనింగ్ పాట కాస్త వేగంగా, గొంతు సన్నగా వినిపిస్తోంది

ఇదీ పాల్ మహిమే. 24 ఫ్రేముల బొమ్మను 25 ఫ్రేముల వేగంతో తిప్పితే 4 శాతం వేగం పెరుగుతుంది. 24 నిమిషాల ఎపిసోడ్ 23 నిమిషాల్లో అయిపోతుంది. లోపం కాదు, పద్ధతి. చెవి పట్టేసేవాళ్లు ఎన్‌టీఎస్‌సీ సెట్ వెతుక్కోవాలి.

చదునైన రంగుల్లో గళ్లు, గీతల చుట్టూ దోమల గుంపులా చుక్కలు

చెప్పుకోవాల్సిన విషయం ఎక్కువ ఉన్నది ఇక్కడే. యానిమే అంటే ఒకే రంగు పూసిన పెద్ద పెద్ద ముక్కలు, వాటి చుట్టూ పదునైన నల్ల గీతలు. మామూలు సినిమాలో ముఖం మీద, గడ్డి మీద దాక్కునే కంప్రెషన్ మచ్చలకు (వీడియో సైజు కుదించేటప్పుడు పడేవి) ఇక్కడ దాక్కోవడానికి చోటుండదు. నీలాకాశంలో మెట్లు మెట్లుగా పట్టీలు వస్తాయి, జుట్టు అంచున చుక్కలు ముసురుతాయి.

ముందు టీవీలో షార్ప్‌నెస్, డైనమిక్ కాంట్రాస్ట్ తగ్గించి చూడండి. చాలా టీవీల్లో ఇవి మొదటినుంచీ ఎక్కువే ఉంటాయి, ఉన్న మచ్చను భూతద్దంలో పెట్టి చూపిస్తాయి. తగ్గించినా మచ్చలు అలాగే ఉంటే లెక్కకు దిగాలి.

ఒక పొర ఉన్న డిస్కులో 4.7 జీబీ పడుతుంది, రెండు పొరల దాంట్లో 8.5 జీబీ. ఆ జీబీని 133తో గుణించి, డిస్కులోని మొత్తం నిమిషాలతో భాగిస్తే సెకనుకు సగటున ఎన్ని మెగాబిట్ల డేటా దక్కుతోందో వస్తుంది. కంప్యూటర్ చూపించే సైజుతో లెక్కేస్తే 133 బదులు 143 వాడండి, విండోస్ జీబీ లెక్క కాస్త వేరు. డీవీడీలో వీడియోకు గరిష్ఠ పరిమితి సెకనుకు 9.8 మెగాబిట్లు.

రెండు పొరల డిస్కులో 4 ఎపిసోడ్లు, అంటే 96 నిమిషాలు ఉంటే జవాబు 11.8. పరిమితిని మించే చోటుంది, ఇక ఇరుకు అన్న మాటే లేదు. 7 ఎపిసోడ్లయితే 6.7, ఇదీ మంచిదే. నా అనుభవంలో 5 పైన ఉంటే నిశ్చింత, 4 దగ్గర అనుమానం, 3 కిందికి దిగితే యాక్షన్ సీన్లలో గళ్లు ఖాయం.

నా కథ ఇదీ. 26 ఎపిసోడ్ల సిరీస్, మూడే డిస్కులు, చక్కని గట్టి పెట్టె. తక్కువ డిస్కులంటే అల్మరాలో చోటు కలిసొస్తుందని మురిసిపోయాను కూడా. రెండు డిస్కుల్లో తొమ్మిదేసి ఎపిసోడ్లు, మూడోదాంట్లో ఎనిమిది. తొమ్మిదంటే 216 నిమిషాలు. సైజు చూస్తే ఒక్క పొరే. 4.7ను 133తో గుణించి 216తో భాగిస్తే 2.9. అందులోంచి ఆడియో వాటా పోగా బొమ్మకు మిగిలేది ఇంకా తక్కువ. వాన పడే సీనొకటి ఉంది, అందులో చినుకులు కాదు, చతురస్రాలు పడేవి. అది పాత సిరీస్ కదా అని సర్దిచెప్పుకుంటూ మొత్తం చూసేశాను. ఈ భాగహారం మొదటి రోజే చేసుంటే వెనక్కి పంపే గడువు దాటేది కాదు.

ఈ లెక్క ఒకవైపే పనిచేస్తుందని గుర్తుంచుకోండి. జవాబు తక్కువొస్తే డిస్కు చెడ్డదని చెప్పొచ్చు. ఎక్కువొచ్చినంత మాత్రాన మంచిదని చెప్పలేం, టీవీలో రికార్డు చేసిన బొమ్మను కూడా పెద్ద సైజులో ఎక్కించొచ్చు. మూలలో టీవీ చానెల్ లోగోనో, పైన వాతావరణ హెచ్చరిక పట్టీనో కనిపిస్తే ఇక ఏ లెక్కా అక్కర్లేదు.

సబ్‌టైటిల్స్ అర్థం కావట్లేదు, పేర్లు మారిపోతున్నాయి

చెవికి "తనాకా" అని వినిపిస్తుంటే తెరమీద "తియాన్ జోంగ్" అని పడుతోందా? అయితే ఆ అనువాదం జపనీస్ నుంచి రాలేదు. తనాకా అనే పేరు రాసే రెండు అక్షరాలనే చైనీస్‌వాళ్లు తియాన్ జోంగ్ అని చదువుతారు. సుజుకీ "లింగ్‌ము" అవుతుంది, యమమోతో "షాన్‌బెన్" అవుతాడు. ఎవరో చైనీస్ సబ్‌టైటిల్స్ చూసి ఇంగ్లీషులోకి మార్చారన్నమాట. నకిలీని పట్టించే గుర్తుల్లో నేను ఎక్కువగా నమ్మేది ఇదే. దీనికి తోడు మాట్లాడేది ఆడో మగో తెలియని సర్వనామాలు, సగంలో ఆగిపోయే వాక్యాలు ఉంటాయి. పెట్టెమీద "జపాన్ దిగుమతి" అని ఉండి, లోపల ఇంగ్లీషు, చైనీస్ సబ్‌టైటిల్స్ ఉంటే ఇంకా అనుమానించాలి. జపాన్‌లో అమ్మే డిస్కుల్లో చాలావాటికి ఇంగ్లీషు సబ్‌టైటిల్సే ఉండవు, ఒక్కో డిస్కులో ఎపిసోడ్లు కూడా రెండు మూడే ఉంటాయి.

రిమోట్‌తో సబ్‌టైటిల్స్ ఆపి చూడండి. ఆగకపోతే అవి బొమ్మమీదే ముద్రపడ్డాయి. అభిమానులు ఇంటర్నెట్‌లో పెట్టిన కాపీని దించి డిస్కు చేసినప్పుడు ఇలా అవుతుంది.

అసలు డిస్కులో కూడా సబ్‌టైటిల్ గొడవ ఒకటుంది. జపనీస్ ఆడియో పెట్టుకున్నాం, ఎవరూ నోరు మెదపట్లేదు, తెరమీద మాత్రం డైలాగు పడింది. అది జపనీస్‌కు అనువాదం కాదు, ఇంగ్లీషు డబ్బింగ్‌ను ఉన్నదున్నట్టు ఎక్కించారు. మెనూలో రెండో సబ్‌టైటిల్ ట్రాక్ ఉందేమో చూడండి. ఒక్కోసారి మొదటిది బోర్డులు, పాటల కోసమే ఉంటుంది, అసలు అనువాదం రెండోదాంట్లో దొరుకుతుంది. అదీ లేకపోతే కంపెనీ తర్వాత విడుదల చేసిన ఎడిషన్‌లో సరిచేసిందేమో కనుక్కోవడమే.

డిస్కు అడుగు ఊదారంగులో ఉంది

ఫ్యాక్టరీలో అచ్చుపోసిన డిస్కు అడుగు వెండిలా మెరుస్తుంది, రెండు పొరలదైతే లేత బంగారు ఛాయ ఉంటుంది. ఊదా, నీలం ఛాయ ఉందంటే అది రంగు పూతమీద లేజర్‌తో కాల్చిన డిస్కు. ఆర్డర్ వచ్చాకే కాల్చి పంపే అసలు కంపెనీలూ ఉన్నాయి, కానీ వాళ్లు సాధారణంగా ఆ మాట పెట్టెమీద వేస్తారు. వేయకపోతే ఫొటో తీసి అమ్మినవాడికి పంపండి. అలాంటి డిస్కును ఎండ తగిలే చోట పెట్టకండి, రంగు పూత వెలిసిపోతుంది.

అడుగు వెండిరంగులోనే ఉన్నా ఇంకో పరీక్ష ఉంది. టేబుల్ లైటు కింద డిస్కును కొంచెం వంచి, మధ్య చిల్లు చుట్టూ ఉన్న అద్దంలాంటి పట్టీని చూడండి. సన్నని అక్షరాల్లో "ఐఎఫ్‌పీఐ" (అంతర్జాతీయ సంగీత పరిశ్రమ సంఘం పేరు) అని, పక్కనే ఎల్‌తో మొదలయ్యే కోడ్ ఉంటుంది, అది మాస్టర్ చేసిన చోటుకు గుర్తు. ఇంకాస్త లోపల, ప్లాస్టిక్‌లోనే అచ్చుపడ్డ మరో ఐఎఫ్‌పీఐ కోడ్ ఉంటుంది, అది డిస్కు పోసిన అచ్చుకు గుర్తు. ఈ పద్ధతి 1994లో మొదలైంది, డీవీడీ 1996లో వచ్చింది, కాబట్టి "ఇది పాత డిస్కు, అందుకే కోడ్ లేదు" అనే సాకు అంతగా నిలవదు. రెండూ లేకపోయినా, గీకేసినట్టున్నా అనుమానం బలపడుతుంది. ఉన్నంత మాత్రాన పూర్తిగా నమ్మేయకూడదు, దొంగ ముద్రలూ పడతాయి.

గీతల అంచుల్లో ఇంద్రధనుస్సు మెరుపులు, పాకే చుక్కలు

ముఖ్యంగా 1990ల దాకా వచ్చిన టీవీ సిరీస్‌లలో కనిపిస్తుంది. రంగునూ వెలుతురునూ ఒకే సిగ్నల్‌లో కలిపే పాత టేపుల నుంచి వచ్చిన మచ్చ ఇది. మాస్టర్‌లోనే ఉంటుంది, అసలు సెట్లోనూ ఉంటుంది. ముందు మీ పసుపు రంగు వీడియో కేబుల్ తీసి వేరే కేబుల్ పెట్టి చూడండి, ఎందుకంటే ఆ కేబుల్ కూడా ఇదే మచ్చ పెడుతుంది. అయినా పోకపోతే కొత్తగా రీమాస్టర్ చేసిన ఎడిషన్ వచ్చేదాకా ఆగాలి.

పాత సిరీస్, తెర నిండా బొమ్మ, కానీ తలలు తెగుతున్నాయి

4:3లో (పాత టీవీల తెర వెడల్పు-ఎత్తు నిష్పత్తి) తీసినదాన్ని వెడల్పు టీవీకి సరిపోయేలా పైనా కిందా కోసేశారు. 2007 నుంచి అమెరికాలో వచ్చిన డ్రాగన్ బాల్ జీ సీజన్ సెట్లు దీనికి పేరుపడ్డాయి, నూటికి నూరుపాళ్లు అసలువే అయినా. "రీమాస్టర్డ్" అన్న మాట చూసి కొనకుండా, పెట్టె వెనక నిష్పత్తి 4:3 అని ఉందో లేదో చూడండి. బొమ్మ కోసినట్టు కాక సాగదీసినట్టు, ముఖాలు బండగా ఉంటే మాత్రం అది టీవీ సెట్టింగే.

సినిమా మధ్యలో ఆగుతోంది

డిస్కు మధ్యలో ఒక్కసారి, ప్రతిసారీ ఒకే చోట, ఒక్క క్షణం ఆగితే అది లేజర్ మొదటి పొర నుంచి రెండో పొరకు మారడం. వదిలేయండి. గళ్లు పడి, గొంతు తెగి ఆగుతుంటే డిస్కు తీసి చూడండి. వేలిముద్రలుంటే మెత్తని బట్టతో మధ్యనుంచి అంచుకు నిటారుగా తుడవాలి, గుండ్రంగా కాదు.

పార్సిల్ ఊపగానే లోపల గలగలమంటే డిస్కు ఊడి తిరుగుతున్నట్టే. గీతలకంటే ముందు మధ్య చిల్లు అంచు చూడండి, జుట్టంత పగులు ఉన్నా డ్రైవ్‌లో పెట్టకండి, తిరిగే వేగానికి అది పెరుగుతుంది. డిస్కు బిగుతుగా ఉంటే అంచు పట్టుకుని లాగితే ఆ పగులు మన చేత్తోనే పడుతుంది, మధ్యలోని పళ్లను వేలితో నొక్కి పట్టి తీయాలి. కొత్త సెట్‌లో పగులు కనిపిస్తే ప్లాస్టిక్ కవరు, పెట్టె మూలలు, డిస్కు మూడూ ఒకే ఫొటోలో వచ్చేలా తీసి ఆ రోజే అమ్మినవాడికి పంపండి.