రాక్ బృందంలో గొంతు – 7వ పాఠం: కొత్త గాయకుడి తొలి రాత్రి

గత పాఠంలో తప్పు నాదే. మీరు కొత్తగా చేరిన బృందంలో మీకంటే ముందు పాడిన వ్యక్తి రికార్డులను ఇరవై సార్లు వినమన్నాను, ఎందుకు వినాలో రాయకుండా వదిలేశాను. అది చెప్పనక్కర లేనంత తేలిక విషయం అనుకున్నాను. మీరేమో ఆ గొంతును అనుకరించబోయారు. వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే పాట: గొంతు పట్టేసింది, తేనె తాగితే తగ్గుతుందా?

తగ్గదు. మింగిన తేనె అన్నవాహికలోకి పోతుంది. స్వర తంతువులు ఉండేది శ్వాసనాళం మొదట్లో. మీరు తాగినది నిజంగా వాటిని తాకితే పొలమారుతుంది తప్ప ఉపశమనం దొరకదు. రెండు రోజులు మాట్లాడకండి. గుసగుసలు కూడా వద్దు, వాటివల్ల గొంతుకు విశ్రాంతి దొరకదు. రెండు వారాలు దాటినా బొంగురు పోకపోతే నాకు ఉత్తరం రాయకండి, చెవి, ముక్కు, గొంతు వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

ఆ రికార్డు వినమన్నది అతని జీర గొంతును అనుకరించడానికి కాదు. అతను ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో పట్టుకోవడానికి. పాట సాహిత్యం కాగితం మీద రాసుకుని, అతను శ్వాస తీసుకున్న ప్రతి చోటా పెన్సిలుతో ఒక గీత పెట్టండి. ఇప్పుడు మీరు పాడండి. మీ ఊపిరి అందని చోట మరో గీత పెట్టండి. రెండో గీత పాట అర్థాన్ని విరిచేస్తుంటే దాన్ని ఒక మాట ముందుకో వెనక్కో జరపండి. గత పాఠం అంతా ఇంతే. జీర సంగతి 12వ పాఠంలో వస్తుంది, అప్పటిదాకా దాని జోలికి పోకండి.

రెండో పని, ప్రతి పాటలోనూ అన్నిటికంటే పై స్వరం ఏదో కనిపెట్టి పక్కన రాసుకోవడం. ఒకే పాటలో అది ఎన్నిసార్లు వస్తుందో కూడా రాయండి. ఒక్కసారి వచ్చే పై స్వరం పండగ. పదహారు సార్లు వస్తే అది కూలిపని. ఆ పని మీ వల్ల కాదనిపిస్తే శ్రుతి తగ్గించమని బృందాన్ని అడగండి. సిగ్గు పడకండి. గిటారు తీగలన్నిటినీ అర మెట్టు దించితే లావు తీగ 82.4 హెర్ట్జ్ నుంచి 77.8కి వస్తుంది. వేళ్లు పడే చోట్లు మారవు. కీబోర్డు వాయించేవారికి ఒక మీట నొక్కితే సరిపోతుంది. డ్రమ్ముల దగ్గర కూర్చున్నవారికి మార్పు జరిగిందని కూడా తెలియకపోవచ్చు. అయితే ఈ మాట పర్యటనకు రెండు వారాల ముందే తేల్చుకోవాలి. ప్రదర్శన రోజు సాయంత్రం అడిగితే ఎవరికైనా కోపం వస్తుంది.

అడగకపోతే ఏమవుతుంది? 1995 సెప్టెంబరులో ఐరన్ మెయిడెన్ బృందంతో బ్లేజ్ బేలీ తొలి ప్రదర్శన జెరూసలేంలో జరిగింది. అతనికి ముందు పాడిన బ్రూస్ డికిన్సన్‌ది తార స్థాయిలో తిరుగుతూ ఉండే గొంతు, బేలీది బరువైన, కింది స్థాయి గొంతు. బృందం మాత్రం పాత పాటల శ్రుతిని దించలేదు. ఆ తర్వాతి పర్యటనల్లో అతని గొంతు ఇబ్బందుల వల్ల కొన్ని ప్రదర్శనలు రద్దయ్యాయి. కారణాలు ఇంకేమైనా ఉండవచ్చు గానీ, కొలతలు తీసుకోకుండా మరొకరి చొక్కా తొడిగించడం మాత్రం నాకు మొదటినుంచీ నచ్చలేదు.

డికిన్సన్ కూడా ఒకప్పుడు కొత్తవాడే. అతను 1981 అక్టోబరు 26న ఇటలీలోని బొలోన్యాలో తొలిసారి ఆ బృందంతో పాడాడు. తన గొంతుతో రికార్డు బయటికి రావడానికి ఇంకా నెలల వ్యవధి ఉంది, కాబట్టి చేతిలో ఉన్నవన్నీ దాదాపు ముందటి గాయకుడి పాటలే. లండన్‌లో సొంత జనం ఎదుటికి వచ్చింది నవంబరులో. ఇల్లు వదిలి దూరాన తొలి రాత్రి గడపడం మంచి పద్ధతి. బ్రయన్ జాన్సన్‌కూ అదే జరిగింది. 1980 ఫిబ్రవరిలో గాయకుడు బాన్ స్కాట్ చనిపోయాక అతని స్థానంలో ఏసీ/డీసీ అనే రాక్ బృందంలో చేరిన జాన్సన్, బహామాస్‌లో రికార్డింగు ముగించుకుని, జూన్ 29న బెల్జియంలోని నమూర్ అనే చిన్న నగరంలో తొలిసారి వేదిక ఎక్కాడు. కొత్త రికార్డు జూలై 25న గాని విడుదల కాలేదు. అంటే ఆ రాత్రి అతను పాడిన కొత్త పాటలకు పోల్చి చూసుకోవడానికి పాత రూపం జనం దగ్గర లేదు. పాత పాటలకు మాత్రం ఉంది, పైగా ఆ గొంతు ఇక లేదన్న దుఃఖమూ ఉంది. అందుకే మీ పాటల వరసలో మీకోసమే కట్టిన పాట ఒక్కటైనా ఉంటే దాన్ని మూడోదిగా పెట్టించుకోండి. ఎందుకు మూడోది అంటే చెప్పలేను, నాకు అలా కలిసొచ్చింది.

అందరికీ చిన్న ఊరు దొరకదు. మనీలాలో పాడుకుంటున్న ఆర్నెల్ పినెడాను జర్నీ బృందం గిటారిస్టు నీల్ షాన్ యూట్యూబులో చూసి పిలిపించుకున్నాడు. పినెడా తొలి రాత్రి 2008 ఫిబ్రవరి 21న, చిలీలోని వీన్యా దెల్ మార్ ఉత్సవంలో, టీవీ కెమెరాల ముందు గడిచింది. మీకు అలాంటిది తగిలితే ధైర్యం గురించి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. మైకు పట్టుకోవడం గురించి మాత్రం చాలా ఉంది.

మైకు తలను పిడికిలితో మూయకండి.

6వ పాఠం తర్వాత మీరు పంపిన వీడియోల్లో దాదాపు అందరూ ఇదే చేశారు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను. ఫొటోలో అందంగా ఉంటుందని తెలుసు. కానీ లోపల జరిగేది వినండి. వేదికల మీద ఎక్కువగా కనిపించే మైకు షూర్ ఎస్‌ఎం58, 1966 నుంచి ఉంది. దానికి ముందు వైపు మాటే బాగా వినిపిస్తుంది, వెనక వైపుకు దాదాపు చెవుడు. ఆ చెవుడు దానికి ఎలా వచ్చింది? దానికి వీధి గుమ్మంతో పాటు పెరటి గుమ్మం కూడా ఉంది. గుండ్రటి జాలీ లోపల, కింది భాగంలో చిన్న రంధ్రాలుంటాయి. వెనక నుంచి వచ్చే శబ్దం రెండు గుమ్మాల నుంచీ లోపలికి చేరి, తనను తానే రద్దు చేసుకుంటుంది. మీ పిడికిలి ఆ పెరటి గుమ్మాన్ని మూసేస్తుంది. అప్పుడు మైకు నలుదిక్కులా వినడం మొదలుపెడుతుంది.

మీ కాళ్ల దగ్గర మానిటరు స్పీకరు ఉంటుంది, మీ గొంతు మీకు వినిపించడానికి. దాన్ని మైకు వెనక వైపున పెట్టేది ఆ చెవుడును నమ్ముకునే. మీరు పిడికిలి బిగించగానే మానిటరు శబ్దం మైకులోకి, మైకు నుంచి మళ్లీ మానిటరులోకి తిరిగి కీచుమని కూత పెడుతుంది. పెళ్లి పందిట్లో విన్న కూతే. సౌండ్ ఇంజనీరు ఏం చేస్తాడు? మానిటరులో మీ గొంతు తగ్గిస్తాడు. ఇప్పుడు మీ గొంతు మీకు వినపడదు. వినపడకపోతే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. దీన్ని ఎతియెన్ లంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే రాసిపెట్టాడు, ఆయన పేరుతోనే లంబార్ ప్రభావం అంటారు. మూడో పాటకు అరుస్తుంటారు, ఏడో పాటకు గొంతు ఉండదు. నేరం గొంతుది కాదు, పిడికిలిది.

పేరున్న గాయకులు అలాగే పట్టుకుంటారు కదా అని ముగ్గురు అడిగారు. వారిలో చాలామంది కాళ్ల దగ్గర మానిటరు పెట్టుకోరు, చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటారు. తిరగడానికి స్పీకరే లేకపోతే కూత ఎక్కడిది? మీ చెవిలో అవి ఉన్నప్పుడు మాట్లాడదాం. అప్పుడు కూడా గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది, నాకు నచ్చదు.

నా తొలి పర్యటనలో రెండో ఊరికే నా గొంతు పోయింది. సౌండ్ ఇంజనీరును నానా మాటలూ అన్నాను. ఆయన ఏమీ అనకుండా వేదిక ఎక్కి, నా పిడికిలిలోంచి ఒక్కొక్క వేలూ తీసి మైకు పిడి మీద పెట్టి దిగిపోయాడు. కూత ఆగిపోయింది. ఆ రోజు నుంచి నేను జాలీకి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకుంటాను.

తొలి రాత్రి మిగతా పని కొద్దిగానే ఉంది. సౌండ్ చెక్‌లో, అంటే ప్రదర్శనకు ముందు మైకులూ స్పీకర్లూ సరిచూసుకునేటప్పుడు, సగం గొంతుతో పాడి ఇంజనీరును మోసం చేయకండి, రాత్రి పాడే గొంతుతోనే ఒక్క చరణం పాడి ఆపండి. డ్రమ్ములకు నేరుగా ఎదురుగా నిలబడకండి, ఆ తాళాల మోతంతా మీ మైకులోకే వస్తుంది. ప్రదర్శన అయ్యాక అభినందించడానికి వచ్చిన వారితో హోరులో గంటసేపు మాట్లాడితే పాడినప్పటికంటే ఎక్కువ అలసట. నవ్వండి, చేతులు కలపండి, వెళ్లి పడుకోండి.

అభ్యాసం. పాటల వరస మొత్తం, 90 నిమిషాలు, ఆపకుండా నిలబడి పాడండి. పక్కన స్పీకరులో డ్రమ్ముల రికార్డు మోగుతుండాలి. ఒక చెవిలో దూది పెట్టుకోండి, ఆ చెవి లోపలి నుంచి మీ గొంతు మీకు వినిపిస్తుంది, అరవాలనే కోరిక తగ్గుతుంది. ఫోనులో రికార్డు చేయండి. మర్నాడు అదే సమయానికి మళ్లీ మొత్తం పాడి, రికార్డు చేయండి. మొదటి రోజుది చెరిపేయండి. నాకు పంపాల్సింది రెండో రోజుది, అందులోనూ చివరి రెండు పాటలు మాత్రమే.