ఎయిర్ రైఫిల్‌కు తక్కువ ధరలో మంచి రెడ్ డాట్ సైట్ ఎలా ఎంచుకోవాలి?

తోటలో డబ్బాలు పేర్చి కొట్టుకునేందుకు ఎయిర్ రైఫిల్ కొన్నవాళ్లకు, కొన్నాళ్లు పోయాక ఎర్రచుక్కతో గురి చూసుకునే రెడ్ డాట్ సైట్ మీద మనసు పోతుంది. కొనేముందు ఒక అపోహ తీసేసుకోవాలి. ఇది లేజర్ కాదు, గురి మీద ఎర్రటి చుక్క పడదు. సైట్ లోపల ఉన్న చిన్న ఎల్‌ఈడీ వెలుగు పూత పూసిన అద్దం మీద పడి మన కంటికి తిరిగొస్తుంది. ఆ చుక్క మనకొక్కరికే కనబడుతుంది. రెండు కళ్లూ తెరిచి, చుక్కను డబ్బా మీద పెట్టి ట్రిగ్గర్ నొక్కడమే. స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ 1975లో ఇలాంటి ఎలక్ట్రానిక్ సైట్ తెచ్చింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికే చవక రకాలన్నీ ఆ సూత్రం మీదే నడుస్తాయి.

అసలు మీకు ఇది అవసరమా? పిల్లలను 10 మీటర్ల పోటీలకు తయారుచేస్తుంటే అక్కర్లేదు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్‌తోనే. ఆ పోటీల్లో రెడ్ డాట్‌ను ఒప్పుకోరు. ముప్ఫై మీటర్లు దాటి చిన్న గురి కొట్టాలంటే దూరాన్ని దగ్గర చేసి చూపే స్కోప్ నయం. పది నుంచి పాతిక మీటర్ల లోపు డబ్బాలు, ఊగే రేకు బిళ్లలు కొట్టడానికైతే రెడ్ డాట్‌లో ఉన్న హాయి వేరు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 0.177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జూళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. కానీ నెమలి, జింక లాంటి వన్యప్రాణుల జోలికి వెళ్తే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసే. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు పులుల అభయారణ్యం ఉంది, అటు రైఫిల్ పట్టుకుని తిరగకపోవడమే మంచిది.

1. ముందు రైఫిల్ పైభాగం చూడండి

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఎయిర్ రైఫిల్ మీద సాధారణంగా 11 మిల్లీమీటర్ల గాడి ఉంటుంది, దాన్ని డవ్‌టెయిల్ అంటారు. మార్కెట్లో దొరికే రెడ్ డాట్‌లలో చాలావాటికి పికాటిన్నీ లేదా వీవర్ క్లాంప్ వస్తుంది, దాని వెడల్పు ఇరవై మిల్లీమీటర్ల పైమాటే. రెండూ కలవవు. కొన్ని పాత మోడళ్లకు అసలు గాడే ఉండదు. స్కేలు పెట్టి కొలుచుకుని, ఆ కొలత షాపువాడికి చెప్పి అడగండి. అడాప్టర్ కొంటే ఎత్తు పెరుగుతుందని మరవొద్దు. ఎత్తు పెరిగితే చెంప కర్రకు ఆనదు, ప్రతిసారీ తల ఒక్కో చోట ఉంటుంది. సైట్‌ను రైఫిల్‌కు బిగించే భాగాన్ని మౌంట్ అంటారు, ఎత్తు తక్కువుండే లో మౌంట్ దొరికితే అదే తీసుకోండి.

2. మీది స్ప్రింగా, పీసీపీయా?

స్ప్రింగ్ రైఫిల్ చూడ్డానికి సాధువు. కానీ సైట్లను చంపేది అదే. లోపల పిస్టన్ ముందుకు దూకేటప్పుడు రైఫిల్ వెనక్కి తంతుంది, పిస్టన్ చివరికి వెళ్లి ఆగగానే ముందుకు తంతుంది. మామూలు తుపాకీల కోసం చేసిన సైట్‌కు ఆ ముందు దెబ్బ అలవాటు ఉండదు. ఎల్‌ఈడీ అతుకులు ఊడతాయి, క్లాంప్ గాడిలో మెల్లగా జారుతుంది. కాబట్టి స్ప్రింగ్ రైఫిల్ అయితే, స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు పనికొస్తుందని తయారీదారు రాసిచ్చిన సైటే కొనండి. జారకుండా ఆపే స్టాప్ పిన్ ఉన్న మౌంట్ తీసుకోండి, రెండు స్క్రూలున్నదైతే ఇంకా మంచిది. సిలిండర్ గాలితో నడిచే పీసీపీకి ఈ బాధ లేదు, మోస్తరు సైట్ కూడా చాలాకాలం నిలుస్తుంది.

బిగించాక మౌంట్ అంచు, గాడి రెండింటి మీదుగా గోళ్ల రంగుతో సన్నటి గీత గీయండి. యాభై పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్ గుళ్లు) కొట్టాక చూస్తే, గీత విరిగి రెండు ముక్కలు పక్కకు జరిగి ఉంటే మౌంట్ జారుతున్నట్టే. అప్పుడు సైట్‌ను తిట్టడం అనవసరం. గొట్టం విరిచి పెల్లెట్ పెట్టే రైఫిల్ అయితే కీలు వదులైందేమో కూడా చూడాలి.

3. చుక్క సైజు, మీ కన్ను

చుక్కను ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్) అనే కోణం కొలతలో కొలుస్తారు. ఒక ఎంఓఏ అంటే 100 మీటర్ల దగ్గర దాదాపు 2.9 సెంటీమీటర్లు. 3 ఎంఓఏ చుక్క 25 మీటర్ల దగ్గర రెండు సెంటీమీటర్ల పైచిలుకు కప్పేస్తుంది, అంటే సోడా మూతలో చాలాభాగం. మన పనికి 2 లేదా 3 ఎంఓఏ సరిపోతుంది. అంతకంటే పెద్ద చుక్క త్వరగా కంటికి దొరుకుతుంది కానీ చిన్న గురిని మింగేస్తుంది.

చుక్క గుండ్రంగా కాకుండా తోకచుక్కలా సాగి కనబడితే వెంటనే సైట్ వాపసు చేయకండి. ఫోన్ కెమెరాను సైట్ వెనక పెట్టి చూడండి. ఫోన్‌లో చుక్క శుభ్రంగా కనబడితే తేడా మీ కంటిలోనే, ఆస్టిగ్మాటిజం (కంటి వంపులో తేడా) కావచ్చు. అద్దాలు పెట్టుకుని మళ్లీ చూడండి. అప్పటికీ సాగితే లోపలి గాజు మీదే గురి గీతలు చెక్కి ఉండే ప్రిజం సైట్ గురించి ఆలోచించవచ్చు.

4. బాడీ, బ్యాటరీ, వెలుగు

మన ఎర్రమట్టి దుమ్ముకు గొట్టంలా మూసి ఉండే రకం సైట్ మేలు. పైన తెరిచి ఉండే రిఫ్లెక్స్ రకంలో ఎల్‌ఈడీ మీద దుమ్ము కూర్చుంటే చుక్క మసకబారుతుంది. నల్లగొండ ఎండలో చుక్క కనబడాలంటే గరిష్ఠ వెలుగు గట్టిగా ఉండాలి. షాపు ట్యూబ్‌లైట్ కింద చూసి ఒప్పుకోవద్దు, బయటికి తెచ్చి తెల్లగోడ మీద చూడండి. సాయంత్రానికి వెలుగు తగ్గించే వీలూ ఉండాలి. బ్యాటరీ సీఆర్2032 అయితే టెన్షన్ లేదు, కారు రిమోట్లలో వాడే బిళ్లే అది, ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా ఇస్తారు.

5. ధర

"మిలటరీ గ్రేడ్ అన్నా" అనే మాటకు విలువ లేదు. చవక పెట్టెల మీద రాసే 'హోలోగ్రాఫిక్' కూడా అంతే, అసలు హోలోగ్రాఫిక్ సైట్‌లో లేజర్ ఉంటుంది, దాని ధరే వేరు. బుష్‌నెల్, సిగ్, హోలోసన్ లాంటివి మంచివే కానీ ఇక్కడికొచ్చేసరికి ఒక్కోసారి రైఫిల్ ధరనే దాటేస్తాయి. వాటి నకిలీలూ ఉన్నాయి, కాబట్టి బిల్లు, వారంటీ లేకుండా బ్రాండ్ పేరు చూసి ఎక్కువ పెట్టకండి. నా లెక్కలో పీసీపీకి పేరులేని సైటైనా పర్వాలేదు, మిగిలిన డబ్బు మంచి మౌంట్‌కు పెట్టండి. స్ప్రింగ్‌కు మాత్రం చవక సైట్ చివరికి ఖరీదే.

6. వాపసు గడువు లోపే పరీక్ష

రైఫిల్‌ను ఇసుక సంచి మీద కదలకుండా పెట్టి, 10 మీటర్ల దూరంలోని కాగితం మీద చుక్క ఉంచండి. రైఫిల్ ముట్టకుండా తల అటూఇటూ జరపండి. చుక్క కాగితం మీద కొంచెం జరగడం సహజం, ఎందుకంటే చాలా సైట్లను ఇంతకంటే ఎక్కువ దూరానికి సరిచేసి ఉంచుతారు. తల జరిగినదానికంటే చుక్క ఎక్కువ జరిగితే మాత్రం వాపసు ఇవ్వండి.

తర్వాత ఐదు పెల్లెట్లు కొట్టి, గుంపు నడిమధ్యను బట్టి నాబ్ తిప్పండి. చాలావాటిలో ఒక క్లిక్ ఒక ఎంఓఏ, అంటే 10 మీటర్ల దగ్గర సుమారు 3 మిల్లీమీటర్లు. గురి కుదిరాక పది క్లిక్‌లు పైకి తిప్పి, మళ్లీ పది కిందికి తిప్పి కొట్టండి. గుంపు పాత చోటికి రాకపోతే లోపలి స్క్రూలు నాసిరకం.

గురి వెనక బండరాయి ఉండకూడదు. మన దగ్గర ఎటు చూసినా రాతిగుండ్లే కదా అని వాటికి ఆనించి కాగితం పెడితే పెల్లెట్ తిరిగొచ్చి కంట్లో తగులుతుంది. పాత బట్టలు కుక్కిన మందపాటి పెట్టె, దాని వెనక మట్టికట్ట ఉండాలి, కంటికి సేఫ్టీ గ్లాసెస్ తప్పనిసరి. పరీక్ష అయ్యేదాకా ప్యాకింగ్ పారేయకండి, డబ్బా చిరిగిందని వాపసు తీసుకోనివాళ్లూ ఉంటారు.