లార్ప్‌లో గుంపులను కలపడం: ఉమ్మడి ఐతిహ్యం, లోకఘటనలు

లార్ప్ అంటే ఆటగాళ్లు వేషం కట్టి, పాత్రలుగా తిరుగుతూ కథను నడిపే ఆట. ఆ ఆట ముదిరేకొద్దీ వర్తకులు ఒక మూల, మంత్రగాళ్లు ఇంకో మూల చేరి ఎవరి లోకంలో వాళ్లుంటారు. దీనికి విరుగుడుగా ప్లాట్ టీమ్‌లు, అంటే కథ రాసి ఆటను నడిపేవాళ్లు, ఎక్కువగా చేసేది ఇంకో యాభై పేజీల చరిత్ర రాయడం. అది రాసినవాళ్లు తప్ప ఎవరూ చదవరు. ఐతిహ్యం ఉన్నది ఒక పాత్ర లేచి వెళ్లి, పరిచయం లేని ఇంకో పాత్రను పలకరించడానికి సాకు దొరకాలని.

అందుకే అందరికీ ఇచ్చే కాగితం రెండు పేజీలు దాటకూడదు. అందరూ ఎరిగిన ఒక పాత గాయం, ఇప్పుడు నడుస్తున్న ఒక తగువు, రెండు మూడు ఆచారాలు చాలు. వీటిలో ఆచారాలను చిన్నచూపు చూడొద్దు. చనిపోయినవాళ్ల పేరెత్తే ముందు నేలను తాకాలి అన్నంత చిన్నదైనా సరే, నిన్న చేరినవాళ్లు కూడా ఐదు నిమిషాల్లో నేర్చుకుని ఆ లోకపు మనుషులైపోతారు.

పాత గాయాన్ని ఒక్కో వర్గానికి ఒక్కోలా చెప్పండి. వంతెన కూలిన రాత్రి సైనికుల లెక్కలో ద్రోహం, పూజారులకు శాపం, వర్తకులకు నాసిరకం రాయి. అసలేం జరిగిందో మాత్రం ప్లాట్ టీమ్ ఒక పేజీలో రాసి దాచుకోవాలి. లేకపోతే రెండో మూడో ఆటకల్లా ఎన్‌పీసీల (ప్లాట్ టీమ్ తరఫున పాత్రలు వేసేవాళ్ల) మాటలకు పొంతన పోతుంది, ఆటగాళ్లు ఏ ఆధారాన్నీ నమ్మరు.

ఇక లోకఘటన. ఒక ఆటకు ఒకటే పెద్దది పెట్టండి. అది తేలాలంటే కనీసం మూడు వర్గాల చేతిలో ఉన్నవి కలవాలి. నది విషమైందనుకోండి: ఊట ఎక్కడుందో చూపే పటం వర్తకుల దగ్గర, విరుగుడు మంత్రం పూజారుల దగ్గర, దారి కాచే బలం సైనికుల దగ్గర. అయితే ఏ వర్గం దగ్గరున్నా, కథకు ప్రాణమైన సమాచారం మూడు చోట్ల దొరకాలి. ఒక్కరి జేబులోనే ఉంటే ఆ మనిషి రాని రోజు ఆట ఆగుతుంది.

మొదటి గంటలోనే అందరికీ వినబడేలా గంట మోగాలి, లేదా దూత రావాలి. ముగింపును అర్ధరాత్రికి పెడితే సగంమంది నిద్రలో ఉంటారు. ముగింపు ఒక్క యుద్ధమే అయితే పదిమంది కొట్టుకుంటారు, మిగతావాళ్లు నిలబడి చూస్తారు. యుద్ధం, క్రతువు, రాయబారం ఒకేసారి మూడు చోట్ల నడిపి, ఒక చోటి ఫలితం ఇంకోచోట కనబడేలా చేయండి: క్రతువు ముగిసేదాకా శత్రువులు పడినా మళ్లీ లేస్తుంటారు, అలాగన్నమాట.

ఓడిపోతే ఏమవుతుందో ముందే రాసుకోండి, రాసుకున్నాక దానికి కట్టుబడండి. చివరి నిమిషంలో ఎన్‌పీసీ వచ్చి గట్టెక్కిస్తే తర్వాతి ముప్పును ఎవరూ పట్టించుకోరు. ఇంగ్లండ్‌లో 2013లో మొదలైన ఎంపైర్ అనే లార్ప్‌లో సేనాధిపతులు ఆటగాళ్లే. వాళ్లిచ్చిన ఆజ్ఞల ఫలితం రెండు ఆటల నడుమ లెక్కగట్టి ప్రకటిస్తారు. పోయిన నేల పోయినట్టే, కావాలంటే మళ్లీ గెలుచుకోవాలి. అంత యంత్రాంగం మీకు అక్కర్లేదు, ఒక పటం, దాని మీద రంగులు మార్చే పెన్సిలు చాలు.

ఆట ముగిసిన వారంలోపు ఒక పేజీ వార్తాపత్రం పంపండి, ఆ లోకపు లేఖకుడు రాసినట్టుగా. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే: గట్టిగా మాట్లాడినవాళ్ల పేర్లే ఎక్కుతాయి. ప్రతి వర్గం నుంచీ మూడు వాక్యాలు అడిగి తెప్పించుకుంటే వంటశాలలో జరిగిన ఒప్పందం కూడా చరిత్రకెక్కుతుంది.

ఆటగాళ్ల నిజజీవితపు గొడవలను మాత్రం కథలోకి లాగి తీర్చబోకండి. వాటిని పాత్రలు వదిలి, విడిగా కూర్చుని మాట్లాడుకోవాలి.

రెండు పేజీల కాగితాన్ని ప్రతి ఆట తర్వాతా తిరగరాయండి. కొత్త వాక్యం చేర్చిన ప్రతిసారీ పాతది ఒకటి తీసేయాలి. ఆటగాళ్లు చేసిన పని చేర్చడానికైతే మీరు రాసుకున్న రాజవంశాన్నే ముందు కొట్టేయండి.