చుట్టాలతో హాలు నిండినప్పుడు: చేత్తో చేసుకునే తంబోలా, ఆ తర్వాత అష్టాచమ్మా

వ్రతమో, గృహప్రవేశమో, పండగ సెలవులో... ఇరవైమంది హాల్లో చేరిపోయారు, విస్తళ్ళు వేయడానికి ఇంకా అరగంట ఉంది. ఆ అరగంటకి తంబోలాని మించింది లేదు. కొందరు హౌసీ అంటారు. ఒకరు చీటీ తీసి అంకె పిలుస్తారు, అది తమ టికెట్టులో ఉన్నవాళ్ళు కొట్టేస్తారు. ఏడేళ్ళ మనవడికీ డెబ్భై ఏళ్ళ అమ్మమ్మకీ గెలిచే అవకాశం ఇందులో సమానం. మూగసైగలతో సినిమా పేరు చెప్పించే ఆట పెడితే సిగ్గుపడేవాళ్ళు వంటింట్లోకి జారుకుంటారు. తంబోలాకి ఎవరూ కూర్చున్న చోటు నుంచి లేవక్కర్లేదు.

టికెట్లు ముందురోజు రాత్రే గీసి ఉంచండి. ఏ4 కాగితాన్ని నిలువుగా పెట్టి ఒకదాని కింద ఒకటి ఆరు టికెట్లు గీయొచ్చు. ఒక్కో టికెట్టుకి మూడు వరసలు, తొమ్మిది నిలువు పట్టీలు. గడి 2.2 సెంటీమీటర్ల వెడల్పు, 1.5 ఎత్తు ఉంటే కళ్ళజోడు మరిచి వచ్చినవాళ్ళకీ అంకె కనబడుతుంది. నాలుగు కాగితాలకి 24 టికెట్లు వస్తాయి.

అంకెలు నింపడంలోనే చాలామంది తికమక పడతారు. మొదటి పట్టీలో 1 నుంచి 9, రెండో దాంట్లో 10 నుంచి 19, అలా వెళ్ళి చివరి పట్టీలో 80 నుంచి 90. టికెట్టు మొత్తానికి 15 అంకెలు, వరసకి సరిగ్గా అయిదు. వరసకి అయిదు కుదరడానికి తేలిక దారి ఒకటుంది. ఏవైనా మూడు పట్టీలు ఎంచుకుని వాటిలో ఒక్కొక్క అంకే రాయండి: ఒకటి పై వరసలో, ఒకటి మధ్యలో, ఒకటి కింద. మిగిలిన ఆరు పట్టీల్లో రెండేసి అంకెలు. ఈ ఆరింటిలో రెండిటికి పై గడి, రెండిటికి మధ్య గడి, రెండిటికి కింది గడి ఖాళీ వదలండి. లెక్క దానంతటదే సరిపోతుంది. పట్టీలో చిన్న అంకె పైన, పెద్దది కింద ఉండాలి. ప్రతి టికెట్టుకీ పట్టీలు మార్చండి, అంకెలూ మార్చండి. ఓపిక లేక ఒకే కాగితాన్ని జిరాక్స్ తీయించారో, నలుగురు ఒకేసారి "ఫుల్ హౌస్" (టికెట్టులో 15 అంకెలూ కొట్టేశాం) అని అరుస్తారు.

ఇక చీటీలు. 90 ముక్కలు ఒకే కొలతలో కత్తిరించి, అన్నిటినీ ఒకేలా రెండు మడతలు పెట్టి మూతున్న స్టీలు డబ్బాలో వేయండి. మడతలు ఎక్కువ తక్కువైతే చేతికి లావు చీటీలే తగులుతుంటాయి. అంకె కింద గీత తప్పనిసరి. గీత లేకపోతే 6 తలకిందులై 9 అవుతుంది, 18 కాస్తా 81, 19 కాస్తా 61, 68 కాస్తా 89. పక్కన ఇంకో కాగితం మీద 1 నుంచి 90 వరకు వరసగా రాసుకుని, పిలిచిన అంకెనల్లా కొట్టేస్తూ ఉండాలి. ఎవరైనా గెలిచామంటే సరిచూడాల్సింది దాంతోనే. తీసిన చీటీ మళ్ళీ డబ్బాలో పడకూడదు.

అంకెని రెండు విధాలుగా చెప్పండి: "అరవై మూడు... ఆరు, మూడు." ఫ్యాను చప్పుడులో వెనక వరసకి అరవై, ఇరవై ఒకేలా వినిపిస్తాయి, తగాదాల్లో సగం అక్కడే పుడతాయి. అంకెకి పది సెకన్లు ఇవ్వండి. ఇరవై టికెట్లతో ఆడితే ఫుల్ హౌస్ సాధారణంగా 70 అంకెలు దాటాకే వస్తుంది. సరిచూసుకోవడాలతో కలిపి ఇరవై నిమిషాలు వేసుకోండి.

బహుమతులు ఆరు: ముందుగా ఏవైనా అయిదు అంకెలు కొట్టినవాళ్ళకి, పై వరస, మధ్య వరస, కింది వరస, నాలుగు మూలలు, ఫుల్ హౌస్. మూలలంటే కాగితం మూలలు కావు. పై వరసలోనూ కింది వరసలోనూ మొదటి, చివరి అంకెలు. టికెట్టు పది రూపాయలైతే ఇరవైకి రెండొందలు. మొదటి అయిదుకి 20, మూడు వరసలకీ మూలలకీ ముప్ఫయ్యేసి, ఫుల్ హౌస్‌కి 60. డబ్బులతో ఆటేమిటని పెద్దవాళ్ళు ముఖం చిట్లించే ఇంట్లో స్టీలు గిన్నెలో, సబ్బులో పెట్టండి. నిజానికి వాటికే పోటీ ఎక్కువ. తర్వాతి అంకె పిలిచేలోపు అరవాలి. తప్పుగా అరిస్తే బోగీ, ఆ టికెట్టు ఆటలోంచి పోయినట్టే. చిన్నపిల్లలకి మాత్రం ఒకసారి వదిలేయండి. మొదటి ఆటలో పెన్సిల్‌తో గీత కొట్టించి, రెండో ఆటలో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టిస్తే అవే టికెట్లు మళ్ళీ పనికొస్తాయి.

భోజనాలయ్యాక తంబోలా నడవదు, కునికిపాట్లు మొదలవుతాయి. అప్పుడు అష్టాచమ్మా. నలుగురు ఆడతారు, చుట్టూ పదిమంది సలహాలిస్తారు. అయిదు అడ్డం, అయిదు నిలువు, 25 గళ్ళు. నాలుగు వైపులా మధ్య గడిలో, నట్టనడి గడిలో ఇంటూ గుర్తు పెట్టండి. నున్నటి టైల్స్ మీద సుద్ద సరిగా అంటదు, గవ్వలు జారి సోఫా కిందికి పోతాయి. అట్టముక్క మీద గీసి, గవ్వలు తువ్వాలు మీద వేయించండి. గవ్వల్లేకపోతే రెండు చింతగింజలు చీల్చితే నాలుగు బద్దలు. తెల్లవైపు వెల్లకిలా, నల్లవైపు బోర్లా. మనిషికి నాలుగు కాయలు: బొత్తాలు, చింతగింజలు, అగ్గిపుల్ల ముక్కలు, గులకరాళ్ళు. శనగలు వద్దు, ఆట సగంలో ఉండగా పిల్లలు తినేస్తారు.

ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్ళు. నాలుగూ వెల్లకిలా అయితే చమ్మ, నాలుగు. నాలుగూ బోర్లా అయితే అష్ట, ఎనిమిది. ఈ రెండిటికీ మరో పందెం, అంటే గవ్వలు ఇంకోసారి వేసే అవకాశం ఉంటుంది. కాయ సొంత ఇంటి (తన వైపున్న ఇంటూ గడి) నుంచి బయటి చుట్టు 15 గళ్ళు నడిచి, లోపలి చుట్టులోకి మళ్ళి ఎదురు దిశలో ఎనిమిది తిరిగి, 24వ అడుగుకి నడిగడిలో పండుతుంది. ఎదుటివాళ్ళ కాయ ఉన్న గడిలోకి మన కాయ వచ్చి దాన్ని మళ్ళీ మొదటికి పంపడమే చంపడం. ఇంటూ గడిలో ఉన్న కాయని చంపకూడదు. చమ్మో అష్టో పడితేనే కాయ దిగాలా, ఒక్క కాయైనా చంపకుండా లోపలి చుట్టులోకి వెళ్ళొచ్చా అనేవి ఇంటింటికీ మారతాయి. గవ్వలు చేతికివ్వక ముందే తేల్చుకోండి. లేకపోతే మేనత్త ఊరి పద్ధతికీ పెద్దమ్మ ఊరి పద్ధతికీ పంచాయితీ మొదలవుతుంది.

ఆటలో చోటు దొరకనివాళ్ళకి అంత్యాక్షరి ఎటూ ఉంది. గుణింతం పట్టించుకోకుండా హల్లు ఒక్కటే లెక్కలోకి తీసుకోండి. ళ వస్తే ల, ణ వస్తే న. పాడిన పాటల మొదటి మాటలు ఒకరు రాస్తూ ఉండాలి, లేకపోతే అదే పాట మూడోసారి వస్తుంది.