బొమ్మను చదవడం – 4వ పాఠం: కిక్కిరిసిన యుద్ధచిత్రంలో దారి

గత పాఠంలో ఒక్కరే కూర్చున్న రూపచిత్రం చూశాం. ఈసారి కాలు పెట్టడానికి చోటు లేని బొమ్మ: పోలండ్ చిత్రకారుడు యాన్ మతేయ్కో 1878లో పూర్తిచేసిన ‘గ్రున్వాల్డ్ యుద్ధం’. ఈ తైలవర్ణ చిత్రం వార్సా జాతీయ మ్యూజియంలో ఉంది. ఎత్తు 4 మీటర్లు దాటుతుంది, వెడల్పు 10 మీటర్లకు కాస్త తక్కువ. అందుకే ఫోన్లో కాదు, దొరికినంత పెద్ద తెర మీద చూడండి.

ముందు కళ్లు సగం మూయండి. ముఖాలు, ఆయుధాలు చెరిగిపోయి రంగులే మిగులుతాయి. నడుమ ఎరుపు, దానికి ఎడమపక్క తెలుపు. ఇప్పుడు కళ్లు తెరవండి. ఎర్రటి దుస్తుల్లో, శిరస్త్రాణం లేకుండా కత్తి ఎత్తినవాడు లిథువేనియా ప్రభువు విటౌటస్. తెల్లటి పైవస్త్రంలో ఉన్నది, పోలండ్, లిథువేనియా కలిసి ఎదిరించిన ట్యూటానిక్ నైట్ల (జర్మన్ క్రైస్తవ యోధుల సంఘం) అధిపతి ఉల్రిక్ ఫాన్ యుంగింగెన్. ఆయన మీద పడ్డవాళ్లను జాగ్రత్తగా చూడండి: ఒకడి చేతిలో ఈటె, ఇంకొకడి చేతిలో గొడ్డలి. ఇద్దరూ కాలిబంట్లే. చుట్టూ ఇంతమంది కవచధారులుండగా ఆ చావును మామూలు మనుషుల చేతుల్లో పెట్టడం చిత్రకారుడి నిర్ణయం. నాకు ఈ బొమ్మలో అన్నిటికంటే బలమైన చోటు ఇదే.

మరి పోలండ్ రాజు యగియెలో ఏడీ? కుడివైపు పైన, దూరంగా, చిన్నగా ఉన్నాడు. కొత్తగా చూసేవాళ్లు ఆయన్ను దాటిపోతారు. రాజే నడుమ ఉండాలన్న నియమం లేదు. ఆకాశంలో మసకగా మోకరిల్లిన రూపం పోలండ్ రక్షకుడిగా కొలిచే సెయింట్ స్టానిస్లావ్. అది సైనికుల కంటికి కనిపించింది కాదు, చూసేవాళ్ల నమ్మకం.

ఇక అసలు మెలకువ. యుద్ధచిత్రానికి రెండు తేదీలుంటాయి, రెండూ చదవాలి. పోరు జరిగింది 1410 జులై 15న. బొమ్మ గీసేనాటికి పోలండ్ అనే దేశమే పటంలో లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకోగా 1795లోనే మాయమైంది. ట్యూటానిక్ నైట్లు ఏలిన నేలే ప్రష్యా. కాబట్టి ఆ తెల్ల వస్త్రం కూలడంలో నాటి పోలండ్ జనం ఏం చూశారో ఊహించడం కష్టం కాదు. రెండో ప్రపంచయుద్ధంలో నాజీలు ఈ బొమ్మ కోసం గాలించారు. లుబ్లిన్ దగ్గర దాచడం వల్లే అది మిగిలింది.

ఈ వారం అభ్యాసం: విటౌటస్‌ను కాగితంతో కప్పి చూడండి. మీ చూపు ఎక్కడికి పోతోందో, ఏ ఈటె దాన్ని అటు లాగుతోందో నాలుగు వాక్యాల్లో రాసుకోండి. వచ్చే పాఠంలో గుర్రాల దగ్గర మొదలుపెడదాం.