గిట్‌లో చేసిన కమిట్‌ను వెనక్కి తీసుకోవడం ఎలా?

గిట్ అంటే కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే సాఫ్ట్‌వేర్, కమిట్ అంటే అందులో సేవ్ చేసిన ఒక్కో మార్పు. హన్మకొండలో మా చిన్న ఆఫీసుకు కొత్తగా వచ్చిన పిల్లలు నా కుర్చీ దగ్గర నిలబడితే సంగతి తెలిసిపోతుంది. "అన్నా, తప్పు కమిట్ అయింది, ఎట్ల?" నేనడిగేది ఒక్కటే: "పుష్ కొట్టినవా?" అంటే, కమిట్‌ను అందరూ వాడే సర్వర్‌కు పంపినవా అని.

ముందు గిట్ స్టేటస్, గిట్ లాగ్ --వన్‌లైన్ చూడండి. పుష్ కొట్టని చివరి కమిట్‌లో మెసేజ్ ఒక్కటే తప్పయితే గిట్ కమిట్ --అమెండ్ చాలు.

పుష్ కొట్టకపోతే గిట్ రీసెట్ --సాఫ్ట్ హెడ్~1. హెడ్ అంటే ఇప్పుడున్న కమిట్, ~1 అంటే దానికి ఒకటి వెనక. కమిట్ పోతుంది, కోడ్ స్టేజ్‌లోనే, అంటే తర్వాతి కమిట్‌కు సిద్ధంగా ఉంటుంది. రెండు కమిట్లకైతే హెడ్~2.

ఇక --హార్డ్. ఏదో వీడియోలో చూసి దీన్ని కొట్టేస్తారు, అక్కడే ఆగమైతారు. ఇది కమిట్‌తో ఆగదు, ట్రాక్ అవుతున్న (గిట్‌లో ఇదివరకే చేర్చిన) ఫైళ్లలో కమిట్ చేయని మార్పులన్నీ తుడిచేస్తుంది. మా పిల్లగాడొకడు పొద్దటి నుంచి రాసిన బిల్లు స్క్రీన్ ఇట్లనే పోగొట్టుకున్నాడు. ఎడిటర్‌లో ట్యాబ్ మూయలేదు కాబట్టి కంట్రోల్ జెడ్ కొడుతూ పోతే సగం దక్కింది.

"రీఫ్లాగ్ ఉంది కదన్నా" అంటారు. హెడ్ ఏయే కమిట్ల మీద తిరిగిందో గిట్ రాసుకునే లాగ్ అది. ఉంది, కానీ అది కమిట్లకే. అట్ల ఊడిపోయిన కమిట్ మామూలు సెట్టింగ్‌లో 30 రోజులు రీఫ్లాగ్‌లో కనిపిస్తుంది. దాని నంబర్ చూసి గిట్ బ్రాంచ్‌తో కొత్త బ్రాంచ్ (కమిట్ల వరుసకు పెట్టే పేరు) కట్టండి, కంగారులో ఇంకో --హార్డ్ కొట్టొద్దు. కమిట్ చేయనిది మాత్రం రీఫ్లాగ్‌కు తెలియదు. అందుకే --హార్డ్‌కు ముందు గిట్ స్టాష్ -యు (కమిట్ చేయని మార్పుల్ని, కొత్త ఫైళ్లతో సహా పక్కన దాచేది) కొట్టాల్సిందే. అవసరం లేదనిపించినా సరే.

పుష్ అయిపోయిందా? అయితే గిట్ రివర్ట్ హెడ్. వరంగల్ కొత్తవాడలో దరీ (జంపఖానా) నేసేటాయన మగ్గం మీదుండగా తప్పు పోగు విప్పుతాడు, అమ్మినంక కొన్నోళ్ల ఇంటికెళ్లి విప్పడు. రివర్ట్ పాతదాన్ని చెరపదు, దానికి ఉల్టా మార్పుతో కొత్త కమిట్ పెడుతుంది. చాలా కమిట్లుంటే కొత్తదాని నుంచి పాతదానికి రండి. మెర్జ్ కమిట్‌ (రెండు బ్రాంచ్‌లను కలిపినది) అయితే, మొదటి బ్రాంచ్ వైపు ఉంచమని -ఎం 1 కూడా ఇవ్వాలి.

హిస్టరీ గలీజుగా కనబడుతుందని ఫోర్స్ పుష్ (సర్వర్‌లోని హిస్టరీ మీద మనదాన్ని బలవంతంగా రుద్దడం) కొట్టేవాళ్లున్నారు. నలుగురు వాడే బ్రాంచ్‌లో అది నేను ఒప్పుకోను. మీరొక్కరే వాడే బ్రాంచ్ అయితే --ఫోర్స్-విత్-లీజ్ (సర్వర్‌లో మీరు చూడని కమిట్లుంటే ఆగిపోయే ఫోర్స్ పుష్) కొట్టుకోండి.

కమిట్‌లో పాస్‌వర్డ్ బయటపడితే ఇవన్నీ తర్వాత, ముందు పాస్‌వర్డ్ మార్చండి. రివర్ట్ చేసినా పాత కమిట్‌లో అది అట్లనే కనబడుతుంటుంది.